గడ్డి, పల్లె దుస్తుల మీద వచ్చే క్రాస్‌వర్డ్ క్లూలు ఎలా విప్పాలి?

ఇంగ్లీషు క్రాస్‌వర్డ్‌లో ‘స్ట్రా’ అన్న మాట కనబడగానే గళ్ళు నింపేయకండి. పంట నూర్చాక మిగిలే కాడ, టోపీ అల్లే నార, కూల్‌డ్రింక్ పీల్చే గొట్టం, అన్నిటికీ అదే మాట. క్లూ వీటిలో దేని గురించో ముందు తేల్చుకోవాలి.

పొలం సంగతైతే హే, స్ట్రా వేరువేరని గుర్తుంచుకోండి. మేత కోసం కోసి ఎండబెట్టింది హే, ధాన్యం రాలగొట్టాక మిగిలింది స్ట్రా. క్లూలో ‘మేత’ ఉండి మూడు గళ్ళుంటే హే. కట్ట అయితే బేల్, కోత తర్వాత పొలంలో మిగిలే మోళ్ళు స్టబుల్, ఇంటి కప్పు థాచ్.

టోపీ దగ్గరే అసలు చిక్కు. ‘గడ్డి టోపీ, 6’ అంటే బోటర్ కావచ్చు, పనామా కావచ్చు. రెండిటికీ ఆరేసి అక్షరాలే. అయితే ఏ గడిలోనూ ఈ రెండిటికీ ఒకే అక్షరం పడదు. కాబట్టి దాన్ని దాటుకుని వెళ్ళే మాట ఒక్కటి దొరికితే చాలు, ఏదో తేలిపోతుంది. అప్పటిదాకా పెన్సిల్‌తో కూడా రాయకపోవడమే మంచిది. క్లూలో ‘ఈక్వడార్’ కనిపిస్తే మాత్రం ఆగక్కర్లేదు. పేరుకు పనామా అయినా ఆ టోపీ పుట్టిల్లు ఈక్వడారే. ఏడు గళ్ళుండి, కోడి ప్రస్తావన కూడా వస్తే లెగ్‌హార్న్ అని చూడండి. అది కోడి జాతి, గడ్డి టోపీ కూడా.

దుస్తుల్లో మొదట గుర్తుకు రావలసింది స్మాక్. 18, 19 శతాబ్దాల్లో ఇంగ్లండ్‌లో గొర్రెల కాపరులు, బండివాళ్ళు వేసుకున్న వదులు తొడుగు అది. ఛాతీ దగ్గర కుచ్చులు పెట్టి కుట్టేవారు. అయిదే అక్షరాలు, పైగా ముక్కలుగా విరగడానికి చక్కగా వీలిస్తుంది. అందుకే క్రిప్టిక్ క్లూలకు, అంటే జవాబును మాటల ఆటలో దాచిపెట్టే క్లూలకు, ఎంతో అనువైన మాట. ఈ మచ్చు చూడండి: ‘దక్షిణాన వెక్కిరింత, పాతకాలపు కాపరి తొడుగు (5)’. సౌత్‌కు ఎస్, వెక్కిరింతకు మాక్, కలిపితే స్మాక్. ఇలాంటి క్లూలో అసలు అర్థం మొదట్లోనో చివర్లోనో ఉంటుంది. ఇక్కడ చివర ఉంది, ముందున్నదంతా అల్లిక. స్ట్రాతోనూ ఇలాగే ఆడుకోవచ్చు. వెనక నుంచి చదివితే వార్ట్స్, అంటే పులిపిర్లు. అడ్డం క్లూలో ‘వెనక్కి’, నిలువు క్లూలో ‘పైకి’ లాంటి మాట ఉంటే తిప్పి చదవమన్న సూచన కావచ్చు.

తొమ్మిది గళ్ళ పనిబట్టలు డంగరీస్, ఎనిమిదైతే ఓవరాల్స్. డంగరీ అనే ముతక నూలుబట్ట పేరు ఇంగ్లీషులోకి వెళ్ళింది మన దేశం నుంచే. కాబట్టి క్లూలో ‘భారతీయ బట్ట’ అని ఉన్నా తికమక పడకండి.

ఎక్కడా ముడి వీడకపోతే క్లూ ఏకవచనమో బహువచనమో చూడండి. బహువచనమైతే చివరి గడిలో పెన్సిల్‌తో ఎస్ వేసి, దాన్ని దాటుకుని వెళ్ళే మాట మీద పడండి.