డీబీటీ మొదలుపెట్టాక తొలి నెలల్లో వచ్చే చిక్కులు: ఎందుకొస్తాయి, ఏం చేయాలి

ముందుగా ఒక మాట. ఇది చదువుతున్న సమయంలోనే ప్రాణం తీసుకోవాలని గట్టిగా అనిపిస్తుంటే, ఈ వ్యాసం పక్కన పెట్టి టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అమెరికాలో ఉంటే 988.

డీబీటీ అంటే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో మార్షా లినెహాన్ రూపొందించారు. తమను తాము గాయపరచుకునేవాళ్ళ కోసం, చావు ఆలోచనలు వదలనివాళ్ళ కోసం పుట్టిన చికిత్స ఇది. మొదటి ట్రయల్ ఫలితాలు 1991లో వచ్చాయి. మాత్ర వేసుకున్నట్టు పని చేసేది కాదు, డ్రైవింగ్ నేర్చుకున్నట్టు చేతికి రావాలి. అందుకే మొదట్లో బండి తరచూ ఆగిపోతుంది. ఆగిన ప్రతిసారీ "నాకిది పడదు" అనుకోకుండా, ఎక్కడ ఆగిందో చూడాలి.

"డీబీటీ అన్నారు, కానీ వారానికోసారి మాట్లాడి పంపేస్తున్నారు"

పూర్తి డీబీటీలో నాలుగు భాగాలుంటాయి. వారానికోసారి థెరపిస్టుతో విడిగా సుమారు గంట. వారానికోసారి రెండు, రెండున్నర గంటల స్కిల్స్ గ్రూపు, అంటే భావాలను, మనుషులతో వచ్చే చిక్కులను సంభాళించుకునే నేర్పులు చెప్పే క్లాసు. మధ్యలో కష్టమొస్తే ఫోన్ కోచింగ్. నాలుగోది మీకు కనపడదు: థెరపిస్టులు తమ కేసుల గురించి తమలో తాము కూర్చుని మాట్లాడుకునే టీమ్ మీటింగు.

మన దగ్గర ఈ నాలుగూ ఒకేచోట దొరకడం కష్టం. చాలామంది డీబీటీలోంచి కొన్ని స్కిల్స్ తీసుకుని మామూలు సెషన్లలో నేర్పుతారు. అది మోసమేమీ కాదు, పనికొస్తుంది కూడా. కాకపోతే పూర్తి కోర్సు నుంచి ఆశించేదంతా దాని నుంచి ఆశించకూడదు. చేరే ముందే అడగండి: గ్రూపు ఉందా? డైరీ కార్డు (రోజూ నింపే పట్టిక) వాడతారా? ఫోన్ ఏ వేళల్లో చేయొచ్చు? మీ టీమ్‌లో ఎవరెవరుంటారు? మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అది అడగడం అమర్యాదేం కాదు.

గ్రూపు దొరకకపోతే, స్కిల్స్‌కు మాత్రమే ఇంకో సెషన్ విడిగా పెట్టించుకోండి. రెండూ ఒకే గంటలో కలిపితే ఏమవుతుందంటే, ఆ వారం గొడవే గంటంతా తినేస్తుంది, స్కిల్ "వచ్చే వారం" అయిపోతుంది. గ్రూపును విడిగా పెట్టిందే ఇందుకు.

"మూడు నాలుగు సెషన్లయినా ఇంకా చికిత్సే మొదలవలేదు"

మొదలైంది. మీరు దేనికోసం వచ్చారు, ఏది మానాలి, ఎన్నాళ్ళు ఉంటారు, ఇవన్నీ ముందు తేల్చుకుంటారు. స్కిల్స్ మొత్తం ఒకసారి చెప్పడానికి 24 వారాలు పడుతుంది. దాన్నే రెండోసారి తిప్పి ఏడాది చేయడం మామూలు. ఈ ఒప్పందం గట్టిగా కుదరకుండా స్కిల్స్‌లోకి దిగితే, మొదటి గట్టి దెబ్బకే మనిషి మానేస్తాడు. థెరపిస్టు "మీకు నిజంగా అవసరమంటారా? చాలా కష్టం సుమా" అని ఎదురు వాదిస్తే కంగారు పడకండి. మీ నోటితోనే కారణాలు చెప్పించే పద్ధతి అది.

మానేయడం గురించి ఒక నిబంధన కూడా ఇక్కడే చెబుతారు. విడి సెషన్లు గానీ గ్రూపు గానీ వరుసగా నాలుగు వారాలు రాకపోతే కోర్సు నుంచి బయటికి వెళ్ళినట్టే. పెళ్ళిళ్ళు, పరీక్షలు, ఊరి ప్రయాణాలు వరుసగా పడే నెలలు ముందే చూసుకుని, ఆన్‌లైన్ సెషన్ కుదురుతుందేమో మాట్లాడుకోండి.

"గ్రూపులో నా కథ ఎవరూ వినడం లేదు"

అది క్లాసు. మొదటి సగం పోయిన వారం హోంవర్కు, రెండో సగం కొత్త స్కిల్. గాయం చేసుకున్న వివరాలు గ్రూపులో చెప్పనివ్వరు. ఒకరు చెబితే పక్కవాళ్ళకూ ఆ తహతహ పుడుతుంది కాబట్టి. కథ విడి సెషన్‌కు దాచుకోండి.

"డైరీ కార్డు నింపడం నా వల్ల కావట్లేదు"

ఎక్కువ మంది తట్టుకుని పడేది ఇక్కడే. కార్డులో రోజుకో వరుస ఉంటుంది. గాయం చేసుకోవడం లాంటి మానాలనుకున్న పని చేయాలని ఎంత అనిపించింది, బాధ, కోపం, సిగ్గు, భయం ఎంత ఉన్నాయి, వీటికి 0 నుంచి 5 దాకా అంకెలు. నిజంగా చేశారా లేదా, మందులు వేసుకున్నారా, ఏ స్కిల్ వాడారు, ఇవన్నీ పక్క గళ్ళలో.

అన్నీ సున్నాలో అన్నీ అయిదులో ఉంటే, సెషన్‌కు ముందు రాత్రి ఏడు రోజులదీ ఒకేసారి నింపారని అర్థం. ఆ రాత్రి ఉన్న మూడ్ ఏడు రోజులకూ పాకుతుంది. రోజూ చేసే పనికి ముడిపెట్టండి: రాత్రి పళ్ళు తోముకున్నాక, ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టే ముందు, రెండు నిమిషాలు. అంకెలకు మీ సొంత కొలతలు రాసి పెట్టుకోండి. కోపం 2 అంటే పళ్ళు బిగుసుకోవడం, 4 అంటే గొంతు లేవడం, 5 అంటే చేతిలో ఉన్నది విసిరేయడం, ఇలాగ.

ఇంట్లోవాళ్ళు చదువుతారన్న భయంతో అబద్ధపు అంకెలు వేసేవాళ్ళూ ఉన్నారు. ఒకే గదిలో నలుగురుండే ఇంట్లో అది న్యాయమైన భయమే. గళ్ళ పేర్ల బదులు మీకే తెలిసిన గుర్తులు పెట్టుకోండి, లేదా పిన్ ఉన్న యాప్‌లో రాయండి. ఒట్టి అనిపించడాన్ని చేసినట్టు రాయకండి. అనిపించింది 5, చేసింది "లేదు" అన్న గడి మొత్తం కార్డులోకెల్లా విలువైనది. ఆ రోజు ఏదో పనిచేసింది, అదేమిటో కనిపెట్టాలి.

"ప్రతిదానికీ 'బాధ' అనే రాస్తున్నా"

తెలుగులో ఇది ప్రత్యేకమైన చిక్కు. దుఃఖానికీ బాధే, అవమానానికీ బాధే, కోపం మింగినా బాధే. మిగిలినవన్నీ "టెన్షన్"లో వేసేస్తాం. కానీ ఎదురు చర్య అనే స్కిల్, అంటే భావం చేయమన్నదానికి ఎదురుగా చేయడం, సరైన పేరు మీదే నడుస్తుంది. భయమైతే తప్పించుకోకుండా దగ్గరికి వెళ్ళాలి. దుఃఖమైతే మంచం దిగి ఏదో పనిలో పడాలి. కోపమైతే మెల్లగా పక్కకు తప్పుకుని, కుదిరితే కొంచెం మంచిగా ఉండాలి. సిగ్గు అయితే, తిరస్కరించరని నమ్మకమున్న మనిషితో చెప్పాలి. సిగ్గును దుఃఖమనుకుని బజారుకెళ్ళి తిరిగొస్తే సిగ్గు అలాగే ఉంటుంది, స్కిల్ పనిచేయలేదన్న నింద మిగులుతుంది.

పేరు దొరక్కపోతే ఒంటిని అడగండి: ఆ క్షణంలో ఏం చేయాలనిపించింది? దాక్కోవాలనిపిస్తే సిగ్గు. పారిపోవాలనిపిస్తే భయం. కొట్టాలనో తిట్టాలనో అనిపిస్తే కోపం. ముడుచుకుని పడుకోవాలనిపిస్తే దుఃఖం.

ఒక జాగ్రత్త. ఎదురు చర్య, భావం ఉన్న పరిస్థితికి సరిపోనప్పుడే. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే ఆ భయం సరైనదే. అతని దగ్గరికి వెళ్ళడం స్కిల్ కాదు. అక్కడ ముందు భద్రత. మహిళలకు 181 ఉంది.

"సెషన్ అంతా ఒక్క తప్పు మీదే పోలీసు విచారణలా నడిచింది"

సెషన్‌లో ఏది ముందు మాట్లాడాలన్నదానికి వరుస ఉంది: ప్రాణానికి ముప్పు, తర్వాత చికిత్సకు అడ్డుపడేవి, ఆ తర్వాత మిగిలిన జీవితం. ఆఫీసు గొడవ చెప్పుకుందామని వస్తే, మంగళవారం రాత్రి గాయం చేసుకున్నదే ముందుకొస్తుంది. దాన్ని చైన్ ఎనాలిసిస్ చేస్తారు. తప్పొప్పులు తేల్చడానికి కాదు, గొలుసులో ఏ లింకు తెంపొచ్చో చూడడానికి. ఒక ఉదాహరణ.

జరిగింది: రాత్రి 11:10కి స్నేహితురాలికి 27 మెసేజీలు పెట్టి, తిట్టి, బ్లాక్ చేయడం. ముందే ఉన్న బలహీనత: నాలుగు గంటల నిద్ర, మధ్యాహ్నం అన్నం మానేయడం. నిప్పు రాజేసింది: 9:40కి వాట్సాప్‌లో నీలం టిక్కులు, జవాబు లేదు. తర్వాత లింకులు: "నన్ను వదిలించుకుంటోంది" అన్న ఆలోచన, గుండె దడ, పాత చాట్లు అరగంట తిరగేయడం, ఇంకో ఇద్దరితో ఆవిడ ఫొటో చూడడం, సిగ్గు, దాని మీద కోపం. ఫలితం: వెంటనే కాస్త ఊరట, పొద్దున్నే దాన్ని మించిన సిగ్గు, ఆఫీసుకు సెలవు.

"కోపం తగ్గించుకుంటా" అన్నది ఇక్కడ జవాబు కాదు. 11 గంటలకు ఏ స్కిల్లూ గుర్తు రాదు. తెంపాల్సింది 9:45 దగ్గర: పాత చాట్లు తెరిచే ముందు ఫోన్ వేరే గదిలో పెట్టడం, నీలం టిక్కులకు ఇంకేం కారణాలుండొచ్చో నిజానిజాలు చూసుకోవడం. అంతకన్నా ముందు, మధ్యాహ్నం అన్నం. విచారణలా అనిపిస్తే ఆ మాట థెరపిస్టుకు అక్కడే చెప్పండి. చెప్పకుండా వచ్చే వారం మానేయడం కూడా "చికిత్సకు అడ్డుపడేవి" కిందికే వస్తుంది. థెరపిస్టు ఆలస్యంగా రావడమూ ఆ లెక్కలోకే వస్తుంది, ఆ మాట చాలామందికి చెప్పరు.

"చల్లనీళ్ళు పనిచేయలేదు"

ఉద్వేగం మరీ ఎక్కువైనప్పుడు ముఖానికి చల్లదనం తగిలించి ఒంటిని నెమ్మదింపజేయడం ఒక స్కిల్. సాధారణంగా సింకు దగ్గర ముఖం కడుక్కుని వచ్చేస్తారు. అది చాలదు. చల్లదనం కళ్ళ చుట్టూ, బుగ్గల పైభాగాన తగలాలి, ఊపిరి బిగబట్టి ఉండాలి, ముందుకు వంగి ఉండాలి. అప్పుడే నీళ్ళలో మునిగినప్పటిలా గుండె వేగం తగ్గుతుంది. గిన్నెలో చల్లటి నీళ్ళు పోసి (10 డిగ్రీల కన్నా చల్లగా వద్దు) ముఖం ముంచి 30 సెకన్లు ఉండండి. లేదా తడిగుడ్డలో చుట్టిన ఐసు సంచి కళ్ళ మీద, బుగ్గల మీద పెట్టుకుని వంగండి. కావాలంటే మళ్ళీ చేయండి. గుండె జబ్బు ఉన్నా, గుండె వేగం తగ్గించే మందులు వాడుతున్నా, తిండి మానేసే జబ్బు ఉన్నా డాక్టరును అడగకుండా చేయొద్దు.

పనిచేసినా కొద్ది నిమిషాలే. ఆ వెంటనే నెమ్మది శ్వాస: 5 లెక్కపెడుతూ లోపలికి, 7 లెక్కపెడుతూ బయటికి, కొన్ని నిమిషాలు. గొడవ తీరలేదని స్కిల్‌ను తిట్టకండి. దాని పని గొడవ తీర్చడం కాదు, మీరు దాన్ని ఇంకా పెద్దది చేయకుండా ఆపడం. మామూలు రోజున రెండు మూడుసార్లు చేసి చూసుకోవాలి కూడా. మంటలు లేచాక మోటారు బిగించడం కుదరదు.

"మనసు నిలవట్లేదు"

ఇప్పుడున్నదాన్ని గమనించే స్కిల్‌లో (మైండ్‌ఫుల్‌నెస్) మనసు నిలవనక్కర్లేదు. పోయిందని గమనించి వెనక్కి తేవడమే అభ్యాసం. రెండు నిమిషాలు, టీ గ్లాసు వేడి మీద దృష్టి పెట్టండి, చాలు.

"ఒప్పుకోవడమంటే సర్దుకుపోవడమేగా, అది మా అత్తగారూ చెబుతారు"

కాదు. ఒప్పుకోవడం కూడా డీబీటీలో ఒక స్కిల్. సర్దుకుపో అంటే నోరు మూసుకో అని. తలరాత అంటే ఇక చేసేదేమీ లేదని. ఇక్కడ ఒప్పుకోవడమంటే, ఉన్నది ఇదీ అని కళ్ళు తెరిచి చూడడం. "ఈ ఉద్యోగం పోయింది" అని ఒప్పుకున్నవాడే రెజ్యూమె తీస్తాడు. జరిగింది న్యాయమేనని ఒప్పుకోమని ఎవరూ అడగట్లేదు. ఈ తేడా తేలకుండా స్కిల్ నేర్చుకుంటే, జీవితమంతా వింటున్న మాటే మళ్ళీ విన్నట్టుంటుంది. ఒళ్ళు మండుతుంది, సహజం.

"రాత్రి ఫోన్ చేస్తే పది నిమిషాల్లో పెట్టేశారు"

ఫోన్ కోచింగ్ సెషన్ కాదు. ఏం జరిగింది, ఏ స్కిల్ ప్రయత్నించారు, ఇప్పుడేది వాడాలి, అంతే. గాయం చేసుకోక ముందు చేయాలి. చేసుకున్నాక 24 గంటలు అదనపు ఫోన్లు ఉండవు, ముందే ఉన్న సెషన్ మాత్రం రద్దు కాదు. ఇది శిక్షలా కనపడుతుంది గానీ, గాయమే పలకరింపు తెచ్చే దారి కాకూడదని పెట్టారు. ప్రాణాపాయమైతే ఈ లెక్కేమీ లేదు: 108, దగ్గరి ఆసుపత్రి.

"ఇంట్లో నేర్చుకున్నట్టు మాట్లాడితే 'పుస్తకం మాటలు' అంటున్నారు"

గ్రూపులో ఇచ్చే కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి. "నువ్వలా అన్నప్పుడు నేనిలా ఫీలయ్యాను" అన్న వాక్యం అమ్మ చెవికి నాటకంలా వినిపిస్తుంది. వరుస ఉంచండి, మాటలు మార్చండి. ముందు జరిగింది, తర్వాత మనసులో మాట, తర్వాత అడిగేది, చివర వాళ్ళకేం మేలు: "అమ్మా, నిన్న పిన్ని వాళ్ళ ముందు నా జీతం మాటెత్తావు. నాకు తల కొట్టేసినట్టయింది. డబ్బు సంగతులు మనిద్దరం ఉన్నప్పుడు మాట్లాడుకుందామే. అప్పుడు నేనూ చిరాకు పడకుండా లెక్కలన్నీ చెబుతా." ఆవిడ "నేనేమన్నానని ఇప్పుడు" అంటే వాదనలోకి దిగకుండా, గొంతు పెంచకుండా, అడిగినదాన్నే ఇంకోసారి అడగండి. మొదటిసారి నెగ్గకపోవచ్చు. తేలికైనవాటితో మొదలుపెట్టండి, పెళ్ళి సంబంధాల మాట ఆరో నెలకు ఉంచండి.

"రెండో నెలలో ముందుకన్నా ఘోరంగా ఉంది"

రెండు కారణాలుండొచ్చు. ఇన్నాళ్ళూ నొప్పిని మొద్దుబార్చిన అలవాటు ఆపారు, కింద ఉన్నది పైకొచ్చింది. లేదా ఇప్పుడు రోజూ రాస్తున్నారు కాబట్టి కనపడుతోంది. పాత కార్డులు నాలుగు పక్కపక్కన పెట్టి చూడండి. బాధ అంకెలు పెరిగినా, చేసిన గడిలో "లేదు"లు పెరుగుతుంటే దారి సరైనదే. "అవును"లు పెరిగినా, మందులు మీ అంతట మీరు ఆపేసినా, చావడానికి ఏర్పాట్లు చేసుకోవడం మొదలైనా, వచ్చే సెషన్ దాకా ఆగకూడదు. థెరపిస్టుకు ఆ రోజే ఫోన్ చేయాలి, దొరక్కపోతే 14416. సైకియాట్రిస్టు దగ్గర వేరేగా మందులు వాడుతుంటే, ఆయనకూ ఈ కార్డు చూపించండి.