ఒళ్లో గిటార్ – ఏడో పాఠం: ఎక్కడ మీటాలి, ఎక్కడ జరపాలి

ఈసారి హంసధ్వని రాగం మొదలుపెడదామనుకున్నాను. మీరు పంపిన రికార్డింగులు విన్నాక మానుకున్నాను. ఆరో పాఠంలో ఇచ్చిన మోహన రాగం గీతం, అదే 'వరవీణా', దాదాపు అందరూ వాయించారు. సంతోషం. కానీ అందరి గాంధారమూ చేదుగానే ఉంది. ఒకాయన "తంబుర పెట్టకపోతే బాగానే ఉంటోందండి, పెడితేనే పాడవుతోంది" అని రాశారు. ఆ పాపం నాది.

ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని డి, ఎ, డి, ఎఫ్ షార్ప్, ఎ, డి అని శ్రుతి చేసుకోమన్నాను కదా. మన లెక్కలో ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా స ప స గ ప స. షడ్జమాలకీ పంచమాలకీ యాప్ చాలు. మూడో తీగ దగ్గర దాన్ని నమ్మకూడదు. అది చూపించేది పియానో గాంధారం. తంబుర షడ్జంలో తనంతట తానే వినిపించే అంతర గాంధారం కన్నా సుమారు 14 సెంట్లు ఎక్కువ. పక్కపక్క ఫ్రెట్ల (గిటార్ మెడ మీది అడ్డు లోహపు గీతల) మధ్య ఉండేది 100 సెంట్లు కాబట్టి, ఇది అందులో ఏడో వంతు. కాగితం మీద చిన్నదే. ఈ గీతం గాంధారంతోనే మొదలవుతుంది కనక మొదటి మీటుకే దొరికిపోతాం.

ఇలా సరిచేసుకోండి. ఆరో తీగని నాలుగో ఫ్రెట్‌కి కొంచెం నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) వైపుగా వేలితో తాకీ తాకనట్టు ఆనించి మీటి, వెంటనే వేలు తీసేయండి. సన్నగా గంట మోగినట్టు ఒక ధ్వని వస్తుంది. తంబురలో ఉన్న గాంధారం అదే. ఇప్పుడు మూడో తీగని పన్నెండో ఫ్రెట్ దగ్గర అలాగే తాకి మీటండి. రెండూ కలిసి మోగుతున్నప్పుడు ధ్వని ఊగుతుంటే మూడో తీగ బిరడా పిసరంత వదులు చేయండి. ఊగు ఆగిన చోట వదిలేయండి. ఇక దాని జోలికి యాప్‌ని రానివ్వకండి.

ధైవతం (ద) శ్రుతి తప్పి తేలిపోతున్నవాళ్లు బార్‌ని, అంటే తీగల మీద జరిపే ఉక్కు ముక్కని, కూర్చున్న చోటి నుంచి ఏటవాలుగా చూసి పెడుతున్నారు. తల వంచి నిట్టనిలువుగా పైనుంచి చూడండి. బార్ సరిగ్గా ఫ్రెట్ తీగ మీదుగా ఉండాలి. ఆ తర్వాత చెవి చెప్పిందే లెక్క.

ఇక అసలు తగాదా. జారుడు.

నర్సాపురం రేవులో పంటు ఒడ్డుకి ఒరుసుకుంటూ, ఆగుతూ, మళ్లీ కాస్త కదులుతూ చేరుతుంది చూడండి, మీరు ప్రతి స్వరాన్నీ అలా చేరుకుంటున్నారు. చేతిలో ఉక్కు ముక్క ఉంది, అది జారుతుంది, కాబట్టి జారుస్తాం. నాకూ ఈ రోగం ఉండేది. తీర్థాల్లో, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాతో సినిమా పాటలు వాయించినవాణ్ణి. అక్కడ ఎంత జారిస్తే అన్ని ఈలలు. ఓసారి ఒక వీణ టీచరుగారి ముందు ఒళ్లో గిటార్ పెట్టుకుని కృతి వాయించాను. ఆవిడ చివరిదాకా విని, "రాగం తెలుస్తోంది గానీ ఏ పాటో తెలియలేదు నాయనా" అన్నారు. ఆ రాత్రి బస్సులో ఇంటికొస్తూ పాట మొత్తం నోట్లో పాడుకుంటే అప్పుడు తెలిసింది, నేను వాయించినదాంట్లో హల్లులు లేవు. అన్నీ అచ్చులే.

గాత్రంలో హల్లు చేసే పని తీగ మీద మీటు చేస్తుంది. అక్షరం పడినచోట మీటండి. ఆ అక్షరం తాలూకు అచ్చు సాగి ఇంకో స్వరం మీదికి వెళ్లినచోట మాత్రమే, మీటకుండా బార్ జరపండి. వీణవాళ్లు సాహిత్యం వాయించే పద్ధతే ఇది. మన ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారివి, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబుగారివి రికార్డింగులు దొరుకుతాయి. తెలిసిన కృతి ఒకటి ఎంచుకుని, సాహిత్యం కాగితం చేత్తో పట్టుకుని వినండి.

గీతం మళ్లీ చూద్దాం. కొందరు ఖాళీ తీగల మీద వాయించారు. స్థానాలు తప్పు కాదు, కానీ ఖాళీ తీగకి గమకం (స్వరాన్ని ఊపడం) పలకదు. నాకు 12, 14 ఫ్రెట్లే ఇష్టం. మోహన మొత్తం ఆ రెండు గీతల మీదే ఉంది. పన్నెండులో నాలుగో తీగ స, మూడోది గ, రెండోది ప, ఒకటోది తార స. పద్నాలుగులో నాలుగో తీగ రి, రెండోది ద, ఒకటోది తార రి.

గ గ పా పా | ద ప సా సా
వ ర వీ ణా | మృ దు పా ణి

ఎనిమిది స్వరాలు, ఎనిమిది అక్షరాలు. అంటే ఎనిమిది మీట్లు, జారుడు సున్నా. 'మృదు' దగ్గర రెండో తీగ మీద 14 నుంచి 12కి రావాలి. ఇక్కడే అందరూ జారారు. ద మీటారు, అది మోగుతుండగానే బార్ వెనక్కి లాగారు, 'మృదు' కాస్తా 'మృఊ' అయింది. కుడిచేతి అంచుతో తీగ ఆపండి, బార్ జరపండి, అప్పుడు మీటండి. ఆపు, జరుపు, మీటు. మొదట్లో నత్తి వచ్చినట్టు ఉంటుంది. ఉండనివ్వండి. వేగం పెరిగేకొద్దీ ఆ ఖాళీ మూసుకుపోతుంది. 'వీణా'లో రెండు దీర్ఘాలకీ బార్ కదలకూడదు, వణికించకండి.

రి స ద ద పా | ద ప గ గ రీ
వ న రు హ లో | చ న రా ఆ ణి

పది స్వరాలు, తొమ్మిది అక్షరాలు. మొత్తం గీతం మొదటి రెండు వరుసల్లో మీటకుండా పలకాల్సిన స్వరం ఒక్కటే, 'రా'లోని రెండో గ. మీ రికార్డింగుల్లో ఒకదాంట్లో పదకొండు జారుళ్లు లెక్కపెట్టాను.

ఆ ఒక్కచోట ఏం చేయాలంటే, మూడో తీగ 12లో 'రా' మీటండి. తీగ ఇంకా మోగుతుండగా బార్‌ని 10 వైపు, అంటే రి వైపు, చటుక్కున దించి మళ్లీ 12కి తెచ్చేయండి. రి విడిగా వినిపించకూడదు, గాంధారానికి ఒక తట్టు తగిలినట్టు ఉండాలి. బార్ తీగ మీద నుంచి లేస్తే ధ్వని చచ్చిపోతుంది, గట్టిగా నొక్కితే ఫ్రెట్‌కి తగిలి గరగరమంటుంది. నేను బరువైన బార్ వాడేది ఇందుకే. దాని బరువే చాలు, నేను నొక్కక్కర్లేదు.

మలహరి కూడా ఇలాగే 12, 13 మీద సర్దుకుంటుంది. మూడో తీగ 13 మ, రెండో తీగ 13 ద, నాలుగో తీగ 13 రి, ఒకటో తీగ 13 తార రి. మిగతావి మీకు తెలిసినవే. తోడి రాగం ఎప్పుడని అడగకండి.

ఇంటిపని: మలహరిలో 'శ్రీ గణనాథ' గీతం. మూడు రోజులు గిటార్ కవర్లోనే ఉంచి, తాళం వేసుకుంటూ పాడండి. నాలుగో రోజున సాహిత్యం రాసుకుని ప్రతి స్వరం కింద 'మీ' అనో 'జ' అనో గుర్తు పెట్టండి. మొదట్లోనే ఒక ముడి ఉంది. 'శ్రీ' అనే ఒక్క అక్షరం మ, ప రెండింటి మీదా సాగుతుంది. ప ని రెండో తీగ 12లో తీసుకుంటే మళ్లీ మీటక తప్పదు, అక్షరం రెండు ముక్కలవుతుంది. ఆ ప ఇంకెక్కడ దొరుకుతుందో, అక్కడికి వెళ్తే తర్వాతి ద కి ఎలా తిరిగి రావాలో మీరే తేల్చి రాయండి. రికార్డింగు తంబురతోనే పంపండి. అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్లు ముందు తీగలు మార్చండి. ఉప్పుగాలికి తుప్పెక్కిన తీగ మీద బార్ గీరుకుంటోంది, ఆ చప్పుడులో మీ గాంధారం నాకు వినపడటం లేదు.