క్విల్టు కుట్టడం నేర్చుకుందాం – 4వ పాఠం: మూలలు కలవని బ్లాకు

క్విల్టు అంటే గుడ్డముక్కలు జోడించి పైపొరగా కుట్టే బొంత; దానిలో ఒక్కో చదరపు భాగం ఒక బ్లాకు. మూడో పాఠంలో తొమ్మిది గళ్ల బ్లాకు కుట్టారు. 2½ అంగుళాల చదరాలు తొమ్మిది. ముదురు రంగువి ఐదు, లేత రంగువి నాలుగు. ఈపాటికి అది మీ ముందు బల్ల మీద ఉండాలి. గళ్ల మూలలు ఒకదానికొకటి ఎదురుపడకుండా పక్కకు జరిగి ఉంటాయి. ఒక అంచు వంపు తిరిగి ఉంటుంది. ‘ఇది నా చేతికి వచ్చే పని కాదు’ అన్న మాట కూడా మనసులో మెదిలే ఉంటుంది. అందుకే ఈ పాఠంలో కొత్త నమూనా ఏదీ లేదు. ఆ పాత బ్లాకునే ముందు పెట్టుకుని కూర్చుందాం.

‘తప్పులుంటేనే అందం, చేతిపని అంటే అంతే’ అని మీకు ఎవరో ఒకరు ఓదార్పు చెప్పే ఉంటారు. పరిపూర్ణత దేవుడికే చెల్లుతుందని పూర్వం క్విల్టులు కుట్టేవాళ్లు కావాలనే ఒక బ్లాకును తప్పుగా కుట్టేవారని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. క్విల్టుల చరిత్ర తెలిసినవాళ్లు దాన్ని కట్టుకథగానే చూస్తారు. తప్పును పనిగట్టుకుని పిలవాలా, పిలవకుండానే వస్తుంది కదా! నాకు ఈ ఓదార్పు నచ్చదు. ఒక పూట మనసు కుదుటపడుతుంది, తర్వాతి బ్లాకులో మూలలు మళ్లీ కలవవు. తప్పు ఎక్కడ పుట్టిందో కనిపెడితే మాత్రం దిగులు దానంతటదే పలచబడుతుంది. అందుకు కావలసింది ఒక స్కేలు.

బ్లాకును అంచు నుంచి అంచుకు కొలవండి. 6½ అంగుళాలు ఉండాలి. మూడు చదరాలు కలిపి 7½, రెండు కుట్లలో ఒక్కోదానికి అర అంగుళం పోతే మిగిలేది 6½. మీకు 6¼ వచ్చిందనుకుందాం. ఆ పావు అంగుళం ఎక్కడికి పోయింది? కుట్టు మార్జిన్, అంటే కుట్టుకూ గుడ్డ అంచుకూ మధ్య వదిలే జాగా, పావు అంగుళం ఉండాల్సిన చోట, అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పడింది, అంతే. ప్రతి కుట్టులోనూ రెండు ముక్కలు ఉంటాయి కనుక ఒక్కో కుట్టు దగ్గర ఎనిమిదో వంతు తరిగిపోయింది. రెండు కుట్లకు పావు. కుట్టేటప్పుడు కంటికి ఆనని తేడా ఇది. ఇదే తేడా ఎనిమిది చదరాల వరుసలో ఏడు కుట్లకూ పడితే 7/8 అంగుళం మాయమవుతుంది. పెద్ద క్విల్టుతో మొదలుపెట్టవద్దని మొదటి పాఠంలోనే గట్టిగా చెప్పింది ఇందుకే.

కొలత సరిగ్గా 6½ వచ్చి, మూలలు మాత్రం కలవకపోతే కత్తిరింపును, మార్జిన్‌ను అనుమానించనక్కర లేదు. తప్పు ఇస్త్రీలోనో, వరుసలను జతచేయడంలోనో ఉంది. ఒక వైపు 6½, ఎదుటి వైపు 6⅜ వస్తే కుట్టు ఒక కొన దగ్గర పక్కకు జరిగింది. ఎక్కువగా ఇది చివరి అంగుళంలోనే, ముక్క చేతిలోంచి జారిపోయే చోట జరుగుతుంది.

మొదట మార్జిన్ సంగతి చూద్దాం. 1½ అంగుళాల వెడల్పు, జానెడు పొడవు ఉన్న మూడు పట్టీలు కత్తిరించి, పక్కపక్కన చేర్చి కుట్టి, ఇస్త్రీ చేయండి. మధ్య పట్టీ వెడల్పు కచ్చితంగా 1 అంగుళం రావాలి. తక్కువ వస్తే మీ మార్జిన్ ఎక్కువ పడుతోందని, ఎక్కువ వస్తే మార్జిన్ తక్కువ పడుతోందని అర్థం. మెషీన్ మీద దీన్ని సరిచేయడం తేలిక. స్కేలును సూది కిందకు జరిపి, చేతి చక్రాన్ని మెల్లగా తిప్పుతూ సూది మొన పావు అంగుళం గీతను తాకే దాకా దించండి. స్కేలు కుడి అంచు వెంబడి మెషీన్ మీద మాస్కింగ్ టేపును నాలుగైదు పొరలుగా అంటించండి. గుడ్డ అంచు ఆ గట్టును ఒరుసుకుంటూ నడవాలి. మళ్లీ మూడు పట్టీలు కుట్టి కొలవండి. ఇంకా కాస్త తక్కువే వస్తుంటే టేపును ఒక నూలు పోగంత సూది వైపు జరపండి, ఎందుకంటే మార్జిన్‌ను మడిచి ఇస్త్రీ చేసినప్పుడు ఆ మడత కూడా రవ్వంత గుడ్డను తినేస్తుంది. చేత్తో కుట్టేవాళ్లు ముక్క వెనక వైపు పెన్సిల్‌తో మార్జిన్ గీత గీసుకుని, సరిగ్గా ఆ గీత మీదే కుడితే చాలు. నన్నడిగితే వాళ్ల పనే సులువు.

ఇంకొక మాట. కుట్టేటప్పుడు చూపు సూది మీద ఉండకూడదు, టేపు గట్టు మీద ఉండాలి. సూది దాని దారిన అది పోతుంది.

ఇక ఇస్త్రీ. కొత్తవాళ్ల బ్లాకులను పాడుచేసేది ఇదే అని నా అనుమానం, కానీ నింద ఎప్పుడూ కుట్టు మీదే పడుతుంది. చొక్కా ఇస్త్రీ చేసినట్టు పెట్టెను అటూ ఇటూ లాగితే చదరం చదరంగా ఉండదు. నేత గుడ్డ పడుగు వైపు పెద్దగా సాగదు, పేక వైపు కొద్దిగా సాగుతుంది, క్రాస్‌గా లాగితే బాగా సాగుతుంది. అందుకని పెట్టెను కుట్టు మీద ఆనించి, ఒక క్షణం ఉంచి, పైకి ఎత్తి, పక్క చోట ఆనించాలి. ముందు ముక్కలను విప్పకుండానే కుట్టు మీద ఒకసారి నొక్కండి. దారం గుడ్డలో సర్దుకుంటుంది. తర్వాత విప్పి, పైవైపు నుంచి నొక్కండి. కుట్టు దగ్గర చిన్న మడత మిగిలిపోయినా వెడల్పు తగ్గుతుందని మరిచిపోవద్దు. ఆవిరి ఇప్పుడే వద్దు.

మార్జిన్లు ఎటు వాల్చాలన్నది ఈ పాఠంలో అసలు కీలకం. ప్రతి వరుసలోనూ మార్జిన్‌ను ముదురు ముక్క వైపే వాల్చండి. మొదటి వరుసలో అవి బయటికి, రెండో వరుసలో లోపలికి, మూడో వరుసలో మళ్లీ బయటికి వాలతాయి. ఇప్పుడు రెండు వరుసలను ముఖాముఖిగా పెడితే కుట్టు దగ్గర పై వరుస మందం ఒక వైపు, కింది వరుస మందం రెండో వైపు ఉంటుంది. రెండింటినీ బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మెల్లగా జరపండి. ఒక చోట అవి ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి. కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. అక్కడ కుట్టుకు అటొకటి, ఇటొకటి గుండుసూదులు పెట్టండి. వరుసను మెషీన్‌లో పెట్టేటప్పుడు పైనున్న మార్జిన్ సూది వైపు చూస్తూ ఉంటే ఇంకా మంచిది. మెషీన్ పాదం పై గుడ్డను కొద్దిగా వెనక్కి నెడుతుంది కనుక ఆ రెండు మందాలూ మరింత దగ్గరగా ఒదుగుతాయి. గుండుసూది మీదుగా మాత్రం కుట్టవద్దు, దగ్గరికి రాగానే తీసేయండి.

ఇదంతా చేశాక కూడా ఒక మూల తప్పుతుంది. విప్పాలా, వదిలేయాలా? పదహారో వంతు లోపు తేడా అయితే వదిలేయమంటాను. క్విల్టు పూర్తయి, ఒకసారి ఉతికాక, మధ్య పొరలో నూలు దూది ఉంటే అది సాధారణంగా నూటికి 3 నుంచి 5 వంతులు కుంచించుకుపోతుంది. పైగుడ్డంతా సన్నగా ముడతలు పడి అలాంటి తేడాలు వాటిలో కలిసిపోతాయి. ఎనిమిదో వంతు దాటితే విప్పండి, కానీ కుట్టు మొత్తం అక్కర్లేదు. తప్పిన మూలకు అటూ ఇటూ ఒక్కో అంగుళం చాలు. కుట్లు తెంపే చిన్న పనిముట్టు సీమ్ రిప్పర్‌తో ఒక వైపు మూడు నాలుగు కుట్లకొకటి తెంపి, రెండో వైపు దారం లాగితే మొత్తం ఊడి వస్తుంది. రెండు ముక్కలనూ పట్టుకుని చీల్చినట్టు లాగకండి, అంచు సాగిపోతుంది. ఒకే చోట రెండుసార్లకు మించి విప్పితే పోగులు ఊడి మార్జిన్ నిలవదు. అప్పుడు ఆ ముక్కను మార్చడమే మేలు. ఈ రెండు కొలతల మధ్య పడిన తేడాల గురించి ఆ రాత్రికి ఏమీ నిర్ణయించకండి. బ్లాకును గోడకు అంటించి, పొద్దున్నే గదికి ఆ చివర నిలబడి చూడండి. కుట్టేవాళ్లు తమ పనిని జానెడు దూరం నుంచి చూస్తారు, క్విల్టును అంత దగ్గరగా చూసేవాళ్లు ఇంకెవరూ ఉండరు.

మొదటి బ్లాకును పారేయవద్దు. దాని వెనక మార్జిన్ మీద పెన్సిల్‌తో తేదీ, వచ్చిన కొలత రాయండి. ఇతరుల క్విల్టుల ఫొటోలతో పోల్చుకోవడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం, ఎందుకంటే ఆ ఫొటోల్లో వెనక వైపు చూపించరు. మీ దగ్గర 6¼, తర్వాత 6⅜, తర్వాత 6½ అని రాసిన బ్లాకులు ఉంటే, కొత్త బ్లాకు మళ్లీ 6⅜ దగ్గర ఆగిపోయిన రోజున ఏం చూడాలో తెలుస్తుంది: టేపు కదిలిందా, సూది మార్చారా, గుడ్డ మందంగా ఉందా.

ఈసారి అభ్యాసం: మూడు పట్టీల పరీక్ష మధ్య పట్టీ 1 అంగుళం వచ్చేదాకా. ఆ తర్వాత, అంతకు ముందు కాదు, తొమ్మిది గళ్ల బ్లాకులు నాలుగు. ఒక్కొక్కటి పూర్తి చేస్తూ పోకుండా నాలుగింటికీ కావలసిన జతలను దారం తెంపకుండా ఒకదాని వెనక ఒకటి మెషీన్‌లోకి పంపండి. చేయి ఒకే కదలికను వరుసగా చేస్తే మార్జిన్ నిలకడగా వస్తుంది, దారమూ మిగులుతుంది.

ఐదో పాఠం త్రికోణాల గురించి. 3 అంగుళాల చదరాలు ముదురువి నాలుగు, లేతవి నాలుగు కోసి పెట్టుకోండి. కుట్టాక వాటిని 2½కి కత్తిరించుకుంటాం. వాటిని మూల నుంచి మూలకు ఇప్పుడే కోయకండి; క్రాస్‌గా కోసిన అంచు ఇస్త్రీ పెట్టె తగలకముందే సాగడం మొదలవుతుంది.