మొదటిసారి ట్రాక్ మీదికి వెళ్తున్నారా? ముందు బ్రేక్ ఆయిల్ మార్పించండి

ట్రాక్ డే అంటే డబ్బు కట్టి, రేసు ట్రాక్ మీద సొంత బండి నడపడం నేర్చుకునే రోజు. అక్కడ విడతలు విడతలుగా తిప్పుతారు, ఒక్కో విడత ఒక సెషన్. నా మొదటి ట్రాక్ డే రోజు రెండో సెషన్‌లో ముందు బ్రేక్ మెత్తబడింది. పొద్దున గట్టిగా ఉన్న లివర్ నాలుగు ల్యాపులయ్యేసరికి హ్యాండిల్ దాకా వచ్చేసింది. బండి ఆగింది, నేను పడలేదు, చెయ్యి పైకెత్తి నెమ్మదిగా పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటికి, వచ్చేశాను. కానీ ఆ తర్వాత ప్రతి మలుపు ముందూ నా మనసు మలుపు మీద లేదు, ఆ లివర్ మీదే ఉంది. డబ్బు కట్టి, సెలవు పెట్టి, అంత దూరం వెళ్లి, నేర్చుకోవాల్సిన రోజంతా ఒక అనుమానంతో గడిపాను. ట్రాక్ మీద బండి గురించి ఆలోచించే పని ఉండకూడదు. ఆ ఆలోచనంతా ఇంటి దగ్గరే అయిపోవాలి.

నాది తిరుపతి, బండి యమహా ఆర్15 వెర్షన్ 3. చిత్తూరు, నెల్లూరు వైపు వాళ్లకి బాగా దగ్గరున్నది శ్రీపెరుంబుదూర్ పక్కన ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. 1990లో మొదలైన ట్రాక్, ల్యాపు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12. పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా దారి. నేను బండి మీదే వెళ్లాను. ఇప్పుడు ఎవరడిగినా టాటా ఏస్ మాట్లాడుకోమనే చెబుతాను. బండి పడితే ఇంటికెలా వస్తారు? పడకపోయినా, సాయంత్రానికి ఒంట్లో ఓపిక ఉండదు. అలాంటప్పుడు లారీల మధ్య రాత్రి ప్రయాణం ట్రాక్ కన్నా ప్రమాదం.

బ్రేక్ సంగతి ముందు చెప్తాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ అది తక్కువ వేడికే మరుగుతుంది. ఊళ్లో తిరిగేటప్పుడు అంత వేడి పుట్టదు కాబట్టి మనకి తెలియదు. ట్రాక్ మీద ప్రతి ల్యాపులో గట్టిగా పట్టేసరికి లోపల ఆవిరి బుడగలు పుడతాయి, మనం నొక్కిన బలం వాటిని నొక్కడానికే పోతుంది. నా బండిలో ఆయిల్ రెండేళ్ల పాతది. వెళ్లే వారం ముందు డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్త డబ్బా మీ ముందే మూత తీయించి మార్పించండి, బ్రేక్ గొట్టంలో గాలి పూర్తిగా తీయించండి. బ్రేక్ ప్యాడ్లు సగానికి పైగా అరిగి ఉంటే అవి కూడా కొత్తవి వేయించండి.

తర్వాత టైర్లు. పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. నాలుగైదేళ్లు దాటిన టైరు గాట్లు బాగానే కనిపించినా రబ్బరు గట్టిపడి ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలవండి. పరిగెత్తాక వేడికి ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి రోడ్డు కొలత కన్నా కొంచెం తగ్గిస్తారు. ఎంత అన్నది టైరుని బట్టి, బండిని బట్టి ఉంటుంది. అక్కడి ఇన్‌స్ట్రక్టర్‌ని అడగండి, ఆయన చెప్పింది పెట్టండి. సొంత గేజి ఒకటి కొనుక్కోండి. పంచర్ షాపు మీటర్లు ఒకటి చెప్పింది ఇంకోటి చెప్పదు.

చైన్ మీరు కూర్చున్నప్పుడు కూడా కొంచెం ఊగాలి. సైడ్ స్టాండు మీద సరిపోయిందనుకున్నది మీ బరువు పడితే బిగుసుకుంటుంది. ఎవరినైనా కూర్చోబెట్టి చూడండి. ఇంజిన్ ఆయిల్ మార్పిస్తే రెండు రోజులు ముందే మార్పించి, కింద అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచండి. ఒక్క చుక్క కనబడినా డ్రైన్ బోల్టు మళ్లీ చూపించండి. మీ బండి నుంచి కారిన ఆయిల్ మీద జారేది మీరు కాదు, మీ వెనక వచ్చేవాళ్లు. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ కూడా జారుడే, అందుకే కొన్నిచోట్ల దాన్ని తీసేసి ఉత్త నీళ్లు పోసుకు రమ్మంటారు, ముందే కనుక్కోండి.

అద్దాలు విప్పేయండి. హెడ్‌లైట్, ఇండికేటర్లకి టేపు అడ్డంగా, నిలువుగా వేయండి, పగిలినా ముక్కలు ట్రాక్ మీద చెదరవు. సైడ్ స్టాండుని కేబుల్ టైతో కట్టేయండి. ఇవన్నీ అరగంట పని.

బీమా కాగితం కూడా ఒకసారి తీసి చదవండి. మన మోటారు పాలసీల్లో పందేలకి, స్పీడ్ టెస్టింగ్‌కి వర్తించదని రాసి ఉంటుంది. బండికి ఏమైనా అయితే ఖర్చు మీదే అనుకుని వెళ్లండి. మీ ఆరోగ్య బీమా సంగతి విడిగా అడిగి తెలుసుకోండి.

ట్రాక్ మీద వేసుకునే తోలు సూట్ అద్దెకి దొరుకుతుంది. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఆడవాళ్ల సైజు లేదన్నారు, మగవాళ్ల చిన్న సైజు ఇచ్చారు, భుజాలు, మోకాళ్లు వదులు. చూడ్డానికి బాగోకపోవడం కాదు ఇక్కడ సమస్య. పడి జారేటప్పుడు మోకాలి మీదుండాల్సిన గట్టి ప్యాడు పక్కకి తిరిగిపోతుంది, రక్షణే ఉండదు. నాలాంటి కొలతలున్నవాళ్లు ముందు రోజే వెళ్లి వేసుకుని, బండి మీద కూర్చున్నట్టు వంగి చూసుకోండి. ఫుల్ ఫేస్ హెల్మెట్, మణికట్టు దాటే గ్లవ్స్, చీలమండ దాటే బూట్లు, వీపు ప్రొటెక్టర్ తప్పనిసరి. హెల్మెట్ పట్టీ క్లిప్ కాకుండా రెండు రింగుల రకమైతే మంచిది, చాలాచోట్ల అదే అడుగుతారు.

ఒంటికి కూడా నెల రోజుల తయారీ కావాలి. రోజూ గుంజీలు తీయండి. ట్రాక్ మీద బరువు మోసేది చేతులు కాదు, తొడలు. మోకాళ్లతో ట్యాంకుని పట్టి ఉంచితే చేతులు వదులుగా ఉంటాయి, హ్యాండిల్ తన పని తాను చేసుకుంటుంది. నేను వెళ్లింది ఫిబ్రవరిలో. అయినా తోలు సూట్‌లో పదకొండింటికే చెమట కాలవలు కట్టింది. తమ్ముడు పెద్ద సీసా నిండా ఉప్పేసిన పల్చటి మజ్జిగ తెచ్చాడు, సెషన్ సెషన్‌కీ మధ్య ఒక గ్లాసు. దాహం వేసేదాకా ఆగొద్దు. మధ్యాహ్నం పెరుగన్నం కొంచెమే తినండి.

పొద్దున చెప్పే పాఠం ముందు వరుసలో కూర్చుని వినండి. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం, ఎవరినీ దాటకూడదు. ఎర్ర జెండా అంటే సెషన్ ఆపేశారు, బ్రేక్ గబుక్కున పట్టకుండా వేగం తగ్గించి పిట్‌కి రావాలి. నల్ల జెండా మీకే చూపిస్తే బండిలోనో, మీరు నడిపే తీరులోనో తేడా ఉందని, లోపలికి రమ్మని. మిమ్మల్ని దాటే బాధ్యత వెనకవాళ్లది. మీరు వెనక్కి చూడొద్దు, దారి ఇస్తున్నాననుకుని పక్కకి జరగొద్దు, మీరు పోతున్న దారిలోనే మీరు పోండి.

అడిగినా, అడగకపోయినా కొత్తవాళ్ల గ్రూపే తీసుకోండి. మొదటి రెండు సెషన్లు వేగం మాటే వద్దు. మలుపులని అక్కడ సీ1, సీ2 అని పిలుస్తారు. ఒక్కో దానికి బ్రేక్ ఎక్కడ పట్టాలి, ఎటు చూడాలి, అంతే గుర్తుపెట్టుకోండి. బ్రేక్ పని బండి నిటారుగా ఉండగానే చాలావరకు ముగించి, వంగేముందే తల తిప్పి మలుపు చివర వైపు చూడండి. ముందు చక్రం దగ్గరి తారుని చూస్తే అక్కడికే పోతారు. నాకు ఇది మూడో సెషన్‌లో సీ4 దగ్గర అర్థమైంది. చూపు ఎత్తగానే అదే మలుపు వెడల్పయినట్టనిపించింది, భుజాల బిగుతు దానంతటదే వదిలింది. ఆ క్షణం కోసమే మళ్లీ మళ్లీ వెళ్తున్నాను.

చివరి సెషన్‌కి బాగా అలసిపోయి ఉంటే వదిలేయండి. నేను వదిలేశాను. గోడ దగ్గర కూర్చుని మిగతావాళ్లని చూస్తూ మజ్జిగ సీసా ఖాళీ చేశాను. తర్వాత టేపు పీకి, అద్దాలు బిగించి, టైర్లలో రోడ్డుకి సరిపడా గాలి కొట్టించి, స్టాండుకి కట్టిన టై కోసి, తిరువళ్లూరు వైపు మెల్లగా బయల్దేరాను.