మాంద్యంలో పాత పట్టుచీరను కొత్తగా కట్టుకోవడం ఎలా

1929 నాటి అమెరికా స్టాక్ మార్కెట్ పతనం తరువాతి ఏళ్లలో పాశ్చాత్య మహిళల గౌన్ల అంచులు మోకాళ్ల నుండి పిక్కల వరకు దిగాయి. 1941లో బ్రిటన్ బట్టలకు రేషన్ విధించాక పాతవాటిని తిరగకుట్టుకోవడం అక్కడ ఇంటింటి పనయింది. చేతిలో డబ్బు ఆడనప్పుడు విశాఖపట్నంలో మనమూ పూర్ణా మార్కెట్‌కు బయలుదేరే ముందు బీరువా తెరవడం మంచిది.

పట్టుచీరను వెలుతురుకు ఎదురుగా పట్టి, మడతల వెంట పోగులు చిట్లాయేమో చూడాలి. సముద్రపు గాలికి జరీ కొంత నల్లబడినా, అంచు గట్టిగా ఉంటే దానిని కత్తిరించి కొత్త నూలు చీరకు వేయించవచ్చు. అయితే నూలు చీరను ముందుగానే నీటిలో నానబెట్టి ఆరవేయాలి. ఈ ఒక్క పని మరిచిపోయినందుకు, మొదటి ఉతుకుకే చీర కుదించుకుపోయి, మా అమ్మ పట్టు అంచు ముడతలు పడింది, ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు. మిగిలిన ముక్కలు జాకెట్టు చేతులకు సరిపోతాయి.