రైలుపెట్టె సెట్టులో భయం, 4వ పాఠం: ఇంజను ఏ వైపు?

పోయినసారి రైలు సన్నివేశం తీసే అభ్యాసంలో ఎక్కువమంది ఒకేచోట తడబడ్డారు. బయటి షాట్‌లో రైలు ఎడమ నుంచి కుడికి పోతోంది. లోపలి షాట్‌లో కిటికీ అవతల దీపాలు కూడా ఎడమ నుంచి కుడికే పరుగెత్తుతున్నాయి. అంటే రైలు వెనక్కి నడుస్తోంది! అందుకే ఈసారి అనుకున్న సౌండు పాఠం వాయిదా.

మన నమూనా 1972 నాటి భయానక సినిమా ‘హారర్ ఎక్స్‌ప్రెస్’. కథ 1906లో, ట్రాన్స్‌సైబీరియన్ రైల్లో. షూటింగు మాడ్రిడ్‌లో, ఒకే పెట్టె సెట్టు మీద: ఒక పెట్టెలోని సన్నివేశాలన్నీ తీసేసి, అదే సెట్టును ఇంకో పెట్టెగా మార్చేవారు. కిటికీ తెర, దీపం, తలుపు మీది నంబరు మారిస్తే మనకూ సరిపోతుంది. కానీ కథ వరస తప్పి తీస్తాం కాబట్టి దిక్కు గుర్తుండదు.

సూత్రం ఇది. రైలు తెర మీద కుడికి పోతే, లోపల కిటికీ దృశ్యం ఎడమకు జారాలి. ఇంజను వైపు నడిచే మనిషి కుడికి నడవాలి, రైలు చివరనుండే గార్డు పెట్టె వైపు పారిపోయేవాడు ఎడమకు. కెమెరాను ఎదుటి గోడవైపు తిప్పారా, మూడూ తారుమారు. తిప్పక తప్పకపోతే ముందు కారిడార్ మధ్యలో నిలబడి, నేరుగా ఇంజను వైపు చూసే షాట్ ఒకటి పెట్టండి. అందులో రెండు పక్కల కిటికీల్లోని దృశ్యమూ మన వైపుకే వస్తుంది, ఆ తర్వాత ఏ పక్కకు మళ్లినా కన్ను ఒప్పుకుంటుంది. నేనైతే ఒక్క గోడవైపే తీస్తాను. ఇరుకు తెలియాలంటే అదే మేలు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఆ సినిమా ముగింపు దిక్కు మీదే నిలిచింది. బతికినవాళ్లు చివరి పెట్టెకు చేరతారు, పెట్టెలను కలిపే లంకె విప్పుతారు, రైలు ముందుభాగం అందులోని భయంకర ప్రాణితో సహా లోయలో పడుతుంది. ఏది వెనక, ఏది ముందు అన్నది తెలియని ప్రేక్షకుడికి ఆ లంకె ఒట్టి ఇనుపముక్క.

నేల మీద సుద్దముక్కతో ఇంజను వైపుకు బాణం గీయండి. షాట్ కాగితం మీద కూడా.

అభ్యాసం: ఒకే వరండాను మూడు పెట్టెలుగా మార్చి 14 షాట్లు తీయండి. గార్డు పెట్టె సన్నివేశం ముందు, మొదటి పెట్టెది చివర. మాటలు వద్దు. వరస కలిపాక శబ్దం లేకుండా చూపించి, ఇంజను ఎటుందో చూసినవాళ్లను అడగండి. ఒక్కరు తప్పు చెప్పినా వాళ్లను తికమకపెట్టిన షాట్ మళ్లీ తీయాలి.