గ్యాస్ పొయ్యి పాఠాలు – 3: కొత్త బండ బిగించి, సబ్బు నురగతో చూసుకోవడం

పోయిన పాఠంలో బండ ఎక్కడ పెట్టాలో చూశాం. నేల మీద, నిలువుగా, పొయ్యి కన్నా కిందగా, గాలి ఆడే చోట ఉండాలి. ఈసారి బండ మార్చడం నేర్చుకుందాం.

మా కావలిలో చాలా ఇళ్ళలో వంట ఆడవాళ్ళది, బండ మార్చడం మాత్రం ఇంకెవరిదో. ఆయన డ్యూటీ నుంచి వచ్చేదాకా పొయ్యి మీద సగం ఉడికిన కూర అలాగే ఉంటుంది. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి 3 బండలు ఉచితంగా వస్తున్నాయి. అంటే ఏడాదికి మూడుసార్లయినా ఈ పని పడుతుంది. దీనికి పెద్ద బలమేమీ అక్కర్లేదు, పది నిమిషాల ఓపిక చాలు.

ముందు నాకు జరిగింది చెప్తాను, ఎందుకంటే ఈ పాఠమంతా దాని నుంచే వచ్చింది. ఒక ఎండాకాలం బండ తెచ్చిన అబ్బాయి నిమిషంలో రెగ్యులేటర్ తగిలించి, "అయిపోయిందక్కా" అని వెళ్ళిపోయాడు. మర్నాడు నేను పొయ్యి దగ్గర నిలబడి ఎండు నెత్తళ్ళు వేయిస్తున్నాను. గచ్చు మీద కూర్చుని ఆడుకుంటున్న మా మనవరాలు, "అమ్మమ్మా, కుళ్ళిన గుడ్డు వాసన" అంది. నాకేమీ తెలియలేదు. పక్కన కూర్చుని వంగి చూస్తే గుప్పుమంది. పై నుంచి కింద దాకా నా ఒళ్ళు చల్లబడిపోయింది. పొయ్యి కట్టేసి, రెగ్యులేటర్ ఆపి, పిల్లను ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాను. తర్వాత చూస్తే బండ మూతి లోపలి రబ్బరు రింగు పగిలి ఉంది.

పిల్లకు తెలిసి నాకు ఎందుకు తెలియలేదు? వంటగ్యాస్ గాలి కన్నా బరువు. కారితే నేలను పట్టుకుని పాకుతుంది, అలమర కింద, బండ వెనక పేరుకుంటుంది. నిలబడిన మనిషి ముక్కు దాకా వచ్చేసరికి కింద చాలా చేరి ఉంటుంది. పైగా గ్యాస్‌కు సొంతంగా చెప్పుకోదగ్గ వాసన లేదు. కారితే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే మందు కలుపుతారు. ఆ వాసనకు ముక్కు కాసేపట్లో అలవాటు పడిపోతుంది, జలుబు ఉంటే అసలే తెలియదు. ఎండు చేపలు వేగుతుంటే ఇక చెప్పేదేముంది. గాలిలో నూటికి సుమారు 2 వంతులు గ్యాస్ చేరితే చాలు, ఒక నిప్పురవ్వకు అంటుకుంటుంది. అందుకే బండ మార్చిన ప్రతిసారీ కంటితో చూసుకోవాలి.

ఇక పని. మొదట వంటింట్లో నిప్పు లేకుండా చూడండి. పొయ్యి ఒక్కటే కాదు, మన వైపు చాలా ఇళ్ళలో దేవుడి పటాలు వంటింట్లోనే ఉంటాయి కదా, దీపం, అగరొత్తి కూడా కొండెక్కాలి. కిటికీ, తలుపు తెరవండి. పొయ్యి నాబులన్నీ కట్టేసి, రెగ్యులేటర్ నాబు ఆఫ్‌కు తిప్పి, దాని అడుగున ఉన్న నల్లటి ప్లాస్టిక్ రింగును పైకెత్తి పట్టుకుని రెగ్యులేటర్‌ను లాగండి. ఖాళీ బండకు మూత పెట్టేయండి, అందులోనూ కొంచెం గ్యాస్ మిగిలే ఉంటుంది.

కొత్త బండకు సీలు ఉందో లేదో చూడండి. పైన పట్టుకునే చోటు కింద ఉన్న పట్టీల మీద ఒక ఇంగ్లీషు అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే మార్చి, బి అంటే జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు. 'డి 27' అని ఉంటే 2027 డిసెంబరులోగా ఆ బండను మళ్ళీ పరీక్షకు పంపాలని. గడువు దాటిందైతే తీసుకోకండి.

తెల్ల మూతకు కట్టిన నైలాన్ దారాన్ని పైకి లాగితే మూత ఊడొస్తుంది. దారం తెంపకండి, రేపు అవసరం పడేది ఆ మూతే. ఇప్పుడు మూతి గుంటలో చిటికెన వేలు పెట్టి తిప్పండి. మెత్తగా, గుండ్రంగా రబ్బరు రింగు తగలాలి. తగలకపోయినా, గరుగ్గా, తెగినట్టు ఉన్నా మూత మళ్ళీ పెట్టేసి, మార్చమని అడగండి. మొహమాటం వద్దు.

రింగు బాగుంటే, రెగ్యులేటర్ ఆఫ్‌లోనే ఉంచి, నల్ల రింగు పైకెత్తి మూతి మీద పెట్టి, కాస్త అటూ ఇటూ తిప్పుతూ కిందికి నొక్కి, రింగు వదిలేయండి. 'టక్' మని వినిపిస్తుంది. పైకి లాగితే ఊడి రాకూడదు.

ఇప్పుడు అసలు పరీక్ష. గిన్నెలో సబ్బు నీళ్ళు చిక్కగా నురగ కట్టేదాకా గిలక్కొట్టండి. కుంకుడు రసమైనా పనికొస్తుంది. పొయ్యి నాబులు మూసే ఉంచి, రెగ్యులేటర్ ఆన్ చేయండి. రెగ్యులేటర్ బండను పట్టుకునే చోట, ట్యూబు రెండు కొనల దగ్గర నురగ పూసి, మోకాళ్ళ మీద కూర్చుని నిదానంగా చూడండి. కారడం లేకపోతే నురగ ఉన్నచోటే నెమ్మదిగా అణిగిపోతుంది. కారుతుంటే ఒకేచోట ఆవగింజంత బుడగ లేచి, చూస్తుండగానే శనగగింజంత అయి, పగిలి, మళ్ళీ అక్కడే మొదలవుతుంది. ట్యూబు మొత్తం ఒకసారి వేళ్ళతో తడిమి వంచి చూడండి, పగుళ్ళు అలా బయటపడతాయి. నారింజ రంగు సురక్షా ట్యూబైనా 5 ఏళ్ళకు మార్చాల్సిందే.

మా అత్తయ్య అగ్గిపుల్ల గీసి చూసేది. 1999లో దీపం పథకం వచ్చిన రోజుల్లో కట్టెల పొయ్యి నుంచి నేరుగా గ్యాస్‌కు మారినవాళ్ళకు నేర్పిన దిక్కు లేదు. అగ్గిపుల్లతో మాత్రం ఎన్నడూ చూడకండి, వెలుగు కోసం కూడా గీయకండి.

బుడగ కనిపించినా, వాసన వచ్చినా రెగ్యులేటర్ ఆఫ్ చేసి, తీసి, మూత పెట్టండి. తలుపులు బార్లా తెరవండి. ఫ్యాను, లైటు స్విచ్చుల జోలికి పోకండి. వెయ్యడమే కాదు, ఆపడం కూడా వద్దు, లోపల చిన్న మెరుపు పుడుతుంది. అందరూ బయటికి వచ్చాక, బయట నిలబడి 1906కు ఫోన్ చేయండి. రాత్రయినా పగలైనా పలికే నంబరు అది.

ఈ వారం మీ పని: బండ కొత్తది రాకపోయినా, ఇప్పుడున్న దానికే ఒకసారి నురగ పూసి చూడండి. వచ్చే పాఠం మంట రంగు గురించి. దానికి ముందు, చల్లారిన పొయ్యి మీద బర్నర్ మూత ఒకటి తీసి, ఎన్ని కన్నాలు పూడిపోయాయో లెక్కపెట్టి ఉంచుకోండి.